రైజెన్ 5 5600 రివ్యూ: పాత బీ450 బోర్డ్ మీదే దాదాపు కొత్త సిస్టమ్

ఇంట్లో 2018, 2019 టైంలో అసెంబుల్ చేయించిన ఏఎండీ డెస్క్‌టాప్ ఉండి, విండోస్ 10 అయిపోయింది కదా ఇక మొత్తం తీసేసి కొత్తది కొనాలేమో అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ముందే చెప్పేస్తా, మొత్తం మార్చాల్సిన పని లేదు. మదర్‌బోర్డ్ అదే ఉంచి, ర్యామ్ అదే ఉంచి, ప్రాసెసర్ ఒక్కటి తీసి రైజెన్ 5 5600 పెట్టుకుంటే చాలామందికి ఇంకో నాలుగైదేళ్ళు హాయిగా నడుస్తది. మాది హనుమకొండ, మా ఇంటి సిస్టమ్‌కి నేను ఇదే చేశా (మాకు గ్రాఫిక్స్ కార్డ్ కూడా కావాల్సి వచ్చింది, ఎందుకో కింద చెప్తా), కొన్ని నెలలుగా రోజూ వాడుతున్నాం, అందుకే ధైర్యంగా చెప్తున్నా.

మా పాత సిస్టమ్ ఏంటంటే రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డ్, 8 ప్లస్ 8 మొత్తం 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. వేరే గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్ లోపల ఉన్న వేగా గ్రాఫిక్స్ మీదే నడిచేది. 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ మాత్రం 2023లో ఎస్‌ఎస్‌డీల రేట్లు బాగా పడిపోయినప్పుడు వేసుకున్నా. మా ఆవిడ టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్తుంది, క్లాసులు ఓబీఎస్‌లో రికార్డ్ చేసి డావిన్సీ రిజాల్వ్‌లో కట్ చేసి పెడుతుంది. మా బాబు ఇంటర్, వాడికి సాయంత్రం కాసేపు వాలరెంట్ గేమ్ కావాలి. నాకైతే బ్రౌజర్, ఎక్సెల్, టాలీ, అంతే. అంటే ఇంట్లో ముగ్గురికీ ఇదొక్కటే మెషీన్, పైగా ఎడిటింగ్ టైంలో 2200జీ నిజంగా ఆయాసపడుతుండేది, టైమ్‌లైన్ మీద క్లిప్ లాగితే ప్రివ్యూ ఆగి ఆగి వచ్చేది, తను మౌస్ వదిలేసి ఎదురు చూస్తూ కూర్చోవడం చూస్తుంటే బాధగా ఉండేది.

అసలు తొందర పెట్టింది మాత్రం విండోస్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ అనే పద్ధతి ఉంది కానీ అది వాయిదానే తప్ప పరిష్కారం కాదు. సరే విండోస్ 11కి పోదాం అంటే మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల లిస్ట్‌లో మా 2200జీ లేదు. ఇక్కడ చాలామంది తికమక పడతారు, 2000 సిరీస్ రైజెన్‌లు సపోర్టెడ్ అని చదివి మాది కూడా 2200 కదా అనుకుంటారు. జెన్ అంటే ఏఎండీ కోర్ల డిజైన్ పేరు, 2600, 2700 లాంటివి జెన్ ప్లస్ కోర్లు, అవి లిస్ట్‌లో ఉన్నాయి. 2200జీ, 2400జీ రెండింటిలో ఉన్నది మొదటి తరం జెన్ కోర్, అవి లేవు. బోర్డ్‌లో టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ భాగం) ఆన్ చేసుకున్నా సరే ప్రాసెసర్ దగ్గర ఆగిపోతుంది. దొడ్డిదారిలో ఇన్‌స్టాల్ చేసే పద్ధతులు ఉన్నాయి కానీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వదు, బ్యాంక్ పనులు, పిల్లల డేటా ఉన్న మెషీన్ మీద అలాంటి రిస్క్ నాకిష్టం లేదు.

ఇక్కడే హనుమకొండలో ఒక షాప్‌లో అడిగితే ఆయన వెంటనే కాగితం మీద కొత్త సిస్టమ్ లెక్క రాసిచ్చాడు. ఏఎం5 అనే కొత్త సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డ్, రైజెన్ 5 7600, మా దాని తర్వాతి తరం డీడీఆర్5 ర్యామ్, కొత్త క్యాబినెట్, కొత్త ఎస్‌ఎంపీఎస్. మంచి సిస్టమే, కాదనను, 7600లో చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంటుంది కాబట్టి కార్డ్ లేకుండానే డిస్‌ప్లే వస్తుంది. కానీ ర్యామ్ రేట్ దగ్గరే నాకు కళ్ళు తిరిగాయి. 2025 చివర్లో ఏఐ సర్వర్ల కోసం మెమరీ అంతా అటే పోవడంతో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, డీడీఆర్5 కిట్లు కొన్ని నెలల్లోనే రెండింతలు దాటిపోయాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ కంపెనీ ఇళ్ళల్లో వాడే మనలాంటోళ్ళకి క్రూషల్ పేరుతో అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది కూడా. డీడీఆర్4 కూడా పెరిగింది కానీ మన దగ్గర ఆల్రెడీ ఉన్న ర్యామ్‌కి రేటుతో పనేముంది, స్లాట్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఈ రోజుల్లో 5600 విలువ సగం ఇక్కడే ఉంది. ప్రాసెసర్ బాగుండటం ఒక ఎత్తు, అది మన పాత ర్యామ్‌ని, పాత బోర్డ్‌ని పనికొచ్చేలా ఉంచడం ఇంకో ఎత్తు.

అసలు ఇది ఎలా సాధ్యమైందో కూడా కొంచెం చెప్పాలి. మొదటి రైజెన్‌లు 2017 మార్చిలో వచ్చాయి, ఏఎం4 సాకెట్‌తో. 2020 నవంబర్‌లో వచ్చిన 5000 సిరీస్ కూడా అదే సాకెట్. కానీ 2020 మే నెలలో ఏఎండీ ముందు ఏం చెప్పిందంటే బీ450 లాంటి 400 సిరీస్ బోర్డ్‌లకి ఈ జెన్ 3 ప్రాసెసర్ల (అంటే ఈ 5000 సిరీస్) సపోర్ట్ ఇవ్వం అని. బీ450 కొన్నవాళ్ళంతా గట్టిగా గొడవ చేశారు, అప్పుడు కంపెనీ వెనక్కి తగ్గి సరే బయోస్ (బోర్డ్ లోపల ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇస్తాం అంది. ఆ రోజు వాళ్ళంతా ఊరుకుని ఉంటే ఇవాళ మా బోర్డ్ స్క్రాప్‌లోకి పోయేది. కొన్నవాళ్ళు నోరు తెరిచి అడిగితే ఏమవుతుందో దానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, అందుకే ఈ సాకెట్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

5600 వివరాలకి వస్తే, ఇది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 3.5 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, 65 వాట్స్ రేటింగ్. దీని అసలు బలం 32 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, ఆరు కోర్లూ కలిసి వాడుకుంటాయి. మా పాత 2200జీలో అది 4 ఎంబీ మాత్రమే, కోర్లు 4, థ్రెడ్లు కూడా 4. కాగితం మీదే తేడా ఇంత ఉంది. దీనికి అన్న లాంటిది 5600ఎక్స్ ఉంది, అది 4.6 దాకా పోతుంది, ఆ 200 మెగాహెర్ట్జ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు, పక్కపక్కన పెట్టినా తేడా కనిపెట్టలేరు. 8 కోర్లు కావాలంటే 5700ఎక్స్, రోజూ వీడియో రెండర్ మీదే బతికేవాళ్ళకి అది న్యాయమే, కాకపోతే బాక్స్‌లో కూలర్ రాదు, అది వేరేగా కొనాలి. గేమింగ్ కోసం 96 ఎంబీ క్యాష్‌తో వచ్చిన 5700ఎక్స్3డీ అద్భుతమైన చిప్, ఇప్పుడు కొత్తది దొరకడమే కష్టం, ఎక్కడైనా దొరికినా రేటు చూసి ఆలోచించుకోండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇది చదవకుండా ఎవరూ కొనొద్దు. 5600లో గ్రాఫిక్స్ లేదు. అస్సలు లేదు. 2200జీ, 2400జీ, 3200జీ వాడేవాళ్ళు మానిటర్ కేబుల్ నేరుగా మదర్‌బోర్డ్‌కి పెట్టుకుని ఉంటారు, ప్రాసెసర్ మార్చి అదే కేబుల్ అక్కడే పెడితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరి. కార్డ్ కొనే ఉద్దేశం లేదు, ఆఫీస్ పని, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు, అంతే అంటే 5600జీ తీసుకోండి, పేరు చివర జీ ఉన్నది. దాంట్లో వేగా గ్రాఫిక్స్ ఉంది, 6 కోర్లే, విండోస్ 11కి ఓకే. కాకపోతే క్యాష్ సగం, 16 ఎంబీ, రేపు కార్డ్ పెట్టి గేమ్స్ ఆడదామంటే 5600 ఇచ్చినంత ఇవ్వదు. 5500 అని ఇంకొకటి ఉంది, తక్కువకి వస్తుంది, దాంట్లో క్యాష్ కూడా సగమే, గ్రాఫిక్స్ కూడా లేదు, రెండు రకాలుగా తక్కువే కాబట్టి రేటులో బాగా తేడా ఉంటే తప్ప నేనైతే చెప్పను.

మేము కార్డ్ కూడా తీసుకున్నాం, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీది. ఎందుకు ఇదే అంటే, కార్డ్ పెట్టే స్లాట్‌కి బీ450 బోర్డ్ పీసీఐఈ 3.0 స్పీడ్ మాత్రమే ఇస్తుంది, 5600కి 4.0 వచ్చినా బోర్డ్ దగ్గర 3.0కే ఆగుతుంది. 6600 8 లేన్లు (డేటా పోయే దారులు) వాడుతుంది కాబట్టి 3.0లో కూడా పెద్దగా నష్టపోదు. షాపుల్లో తక్కువ రేటుకి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపిస్తారు, పాత బోర్డ్ ఉన్నవాళ్ళు అది మాత్రం వద్దు. దానికి 4 లేన్లే, 3.0 బోర్డ్‌లో పెడితే బాగా దెబ్బ తింటుంది, ఇంకా ముఖ్యంగా దాంట్లో వీడియో ఎన్‌కోడర్ లేదు, అంటే ఓబీఎస్‌లో రికార్డింగ్ భారం మొత్తం ప్రాసెసర్ మీదే పడుతుంది. మా ఆవిడ పనికి అది అస్సలు పనికిరాదు. 6600లో ఎన్‌కోడర్ ఉంది, రికార్డింగ్ పెట్టినా సిస్టమ్‌కి తెలియనట్టే ఉంటుంది. ఇంటెల్ ఆర్క్ కార్డ్‌లు కూడా రేటుకి బాగుంటాయి, కానీ వాటికి బయోస్‌లో రీసైజబుల్ బార్ ఆన్ అయి ఉండాలి, పాత బోర్డ్‌లో ఆ ఆప్షన్ ఉందో లేదో చూసుకున్నాకే.

ప్రాసెసర్ పది వేల లోపు పడింది, కార్డ్ ఇరవై వేలు దాటింది, ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చా, 550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్. లెక్క ప్రకారం 450 వాట్స్ కూడా సరిపోతుంది, 6600 కార్డ్ 132 వాట్స్, 5600 ఎంత లాగినా 76 వాట్స్ దగ్గర ఆగుతుంది, మిగతావన్నీ కలిపినా 300 దాటదు. కానీ ఏడేళ్ళు పగలూ రాత్రీ నడిచిన ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డ్ నమ్మి పెట్టడం నాకు నచ్చలేదు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీ సిస్టమ్‌లో ఉంటే గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు దాన్నే మార్చండి, మన కరెంటు వచ్చీపోయే తీరుకి ముందు పోయేది అదే, పోతూ పోతూ పక్కవాటిని కూడా తీసుకుపోతుంది.

కొన్నది సికింద్రాబాద్ సీటీసీలో. తెలియనివాళ్ళకి, సీటీసీ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, పార్క్‌లేన్‌లో, ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌కి దగ్గర. కాజీపేటలో పొద్దున ట్రైన్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్‌పీ రోడ్ ఎలాగో మనకి ఇది అలాగ. ఆన్‌లైన్‌లో కొంటే ఇంటికే వస్తుంది కదా అంటారు, నిజమే, కానీ ప్రాసెసర్ లాంటిది కళ్ళతో చూసి, సీల్ చూసి, అక్కడే బిల్లు చేయించుకుంటే ఆ నమ్మకం వేరు. ముందు ఆన్‌లైన్ రేట్లు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని పోండి, షాపువాళ్ళు కూడా దానికి దగ్గరగా ఇస్తారు.

అక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. ఒక షాప్‌లో వెయ్యి రూపాయలు తక్కువకే ఇస్తా అన్నాడు, చూస్తే బాక్స్ లేదు, ప్లాస్టిక్ ట్రేలో ఉన్న చిప్ ఒక్కటే. "అన్నా, బాక్స్ ఏది?" అంటే "అన్నీ ఒకటే అన్నా, లోపల చిప్ అదే కదా, వారంటీ నేనిస్త" అన్నాడు. ఒకటే కాదు. బాక్స్‌తో వచ్చినదానికి ఏఎండీ మూడేళ్ళ వారంటీ ఇస్తుంది, ట్రే చిప్‌కి కంపెనీ నుంచి మనకి నేరుగా వారంటీ రాదు, ఆ షాపు మాటే గతి. పైగా బాక్స్‌లో కూలర్ వస్తుంది, ట్రేలో అది కూడా లేదు, అది విడిగా కొంటే ఆ వెయ్యి అక్కడికే పోతుంది. బాక్స్‌కి ఒక పక్క చిన్న కిటికీ లాగా ఉంటుంది, దాంట్లోంచి చిప్ మీద ఉన్న సీరియల్ నంబర్ కనిపిస్తుంది, బాక్స్ స్టిక్కర్ మీద నంబర్‌తో కలుస్తుందో లేదో అక్కడే చూసుకోండి. అలాగే బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, 18 శాతం జీఎస్‌టీ కట్టిన బిల్లే రేపు వారంటీకి మీ చేతిలో ఉండే ఆధారం, సీరియల్ నంబర్ కూడా బిల్లు మీద రాయించుకోండి. నేను చివరికి తీసుకున్న షాపులో ఆయన అడగకుండానే ఇవన్నీ చేశాడు, నా బోర్డ్ పేరు అడిగి బయోస్ ఏ వెర్షన్ ఉందని కూడా అడిగాడు, అలా అడిగే షాపులోనే కొనాలి.

బయోస్ సంగతి. కొత్త ప్రాసెసర్ పెట్టకముందే, పాతది బోర్డ్‌లో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. ముందు ప్రాసెసర్ మార్చేసి తర్వాత చూద్దాం అంటే డిస్‌ప్లే రాదు. మీ బోర్డ్ కంపెనీ వెబ్‌సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ ఉంటుంది, 5600 పక్కన ఏ వెర్షన్ నుంచి అని రాసి ఉంటుంది, అది లేదా దానికన్నా కొత్తది దించుకుని ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయోస్ లోపలికెళ్ళి అక్కడి నుంచే ఫ్లాష్ చేయాలి. వెర్షన్ వివరాల్లో ఏజెసా (బయోస్ లోపల ఉండే ఏఎండీ కోడ్) 1.2.0.7 లేదా ఆ తర్వాతది ఉండేలా చూసుకోండి, ఎందుకంటే టీపీఎం ఆన్ చేస్తే సిస్టమ్ మధ్యమధ్యలో ఒక్క క్షణం బిగుసుకుపోయే సమస్య ఒకటి ఉండేది, 2022లో ఏఎండీయే ఒప్పుకుని ఆ వెర్షన్‌తో సరిచేసింది. ఫ్లాష్ అయ్యేటప్పుడు కరెంటు పోతే బోర్డ్ పోయినట్టే, అందుకని యూపీఎస్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. యూపీఎస్ బ్యాటరీ వీక్‌గా ఉంటే పక్కింట్లో అడిగైనా మంచిది తెచ్చుకోండి. మబ్బు పట్టిన రోజు, గాలి దుమారం వచ్చేలా ఉన్న రోజు అస్సలు వద్దు.

ప్రాసెసర్ తీయడం ఇంకా సున్నితం. ఏఎం4లో పిన్నులు బోర్డ్‌కి కాదు, ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331 పిన్నులు. ఏళ్ళ తరబడి ఉన్న థర్మల్ పేస్ట్ ఎండిపోయి కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య జిగురులా పట్టేస్తుంది, కూలర్‌ని సూటిగా పైకి లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ దాంతో పాటే ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పద్ధతి ఏంటంటే, ముందు సిస్టమ్‌ని ఒక పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి, షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేసి, కూలర్ స్క్రూలు నాలుగూ ఎదురెదురు మూలలు మార్చి మార్చి వదులు చేసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ ఉండాలి, పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ఎత్తాలి. క్యాబినెట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టే చేయండి, నిలబెట్టి చేస్తే బోర్డ్ వెనకున్న ప్లేట్ కింద పడిపోయే ఛాన్స్ ఉంది. కొత్తది పెట్టేటప్పుడు మూలనున్న చిన్న బంగారు త్రికోణం సాకెట్ మీద గుర్తుతో కలిపి పెడితే దానంతటదే దిగుతుంది, వేలితో నొక్కే పని లేదు, నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. బాక్స్‌లో వచ్చే వ్రెయిత్ స్టెల్త్ కూలర్‌కి పేస్ట్ ముందే పూసి ఉంటుంది, అది కొత్తగా పెట్టేటప్పుడు వేరే పేస్ట్ అక్కర్లేదు.

మొదటిసారి ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా, వై నొక్కండి లేదా ఎన్ నొక్కండి అని వస్తుంది. చూసి కంగారు పడొద్దు. టీపీఎం ఉన్నది ప్రాసెసర్ లోపలే కాబట్టి ప్రాసెసర్ మారితే అది అడగడం మామూలే. కానీ వై నొక్కేముందు ఒకటి చూసుకుని ఉండాలి, విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే దాని తాళం ఈ టీపీఎంలోనే ఉంటుంది, రీసెట్ చేశాక రికవరీ కీ లేకపోతే మీ ఫొటోలు, ఫైళ్ళు ఏవీ తెరుచుకోవు. ముందు రోజే ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి పెట్టుకోవడం, లేదా కీ కాగితం మీద రాసిపెట్టుకోవడం మంచిది. ఇంకొకటి, పాత సిస్టమ్‌లలో విండోస్‌ని లెగసీ మోడ్‌లో ఎంబీఆర్ అనే పాత పద్ధతి డిస్క్ మీద వేసి ఉంటే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) ఆన్ చేయలేం. విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డేటా పోకుండా మారుస్తుంది, బ్యాకప్ మాత్రం తీసుకున్నాకే. వాలరెంట్ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉంటేనే నడుస్తుంది, ఇంట్లో పిల్లలు ఆడేవాళ్ళుంటే ఇది ముందే చేసిపెట్టుకోండి. మదర్‌బోర్డ్ మారలేదు కాబట్టి విండోస్ యాక్టివేషన్ మాకు అలాగే ఉంది, 11కి అప్‌గ్రేడ్ ఫ్రీగానే అయింది.

ర్యామ్ స్పీడ్ సంగతి చాలామంది వదిలేస్తారు. బయోస్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్‌లన్నీ మొదటికి వస్తాయి, 3200 అని రాసి ఉన్న ర్యామ్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉంటుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ అని ఉంటుంది, అది ఆన్ చేస్తేనే అసలు స్పీడ్. రైజెన్‌కి ర్యామ్ స్పీడ్ మామూలుగా కన్నా ఎక్కువ ముఖ్యం. ఒకే స్టిక్ ఉన్నవాళ్ళు, రేట్లు మండుతున్నా సరే, సెకండ్ హ్యాండ్‌లో అయినా రెండోది వెతుక్కుని డ్యూయల్ ఛానల్ చేసుకోండి, ఇంకో 8 జీబీ డీడీఆర్4 వాడినది అమ్మేవాళ్ళు దొరుకుతూనే ఉంటారు.

ఇక ఫలితం. నిజంగా ఇంత తేడా వస్తుందని ఇంట్లో ఎవరం అనుకోలేదు. రిజాల్వ్ టైమ్‌లైన్ ఇప్పుడు చేతితో పాటే కదులుతుంది, ప్రివ్యూ ఆగదు. ఇంతకు ముందు ఒక క్లాస్ వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే క్లాస్ జరిగిన టైం కన్నా ఎక్కువ పట్టేది, తను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది, ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. మొన్న ఒక వీడియోలో త్రికోణమితి లెక్కలో ఒక మెట్టు తప్పు పడిందని తనే గమనించి, అక్కడికక్కడే ఆ ముక్క మళ్ళీ రికార్డ్ చేసి కలిపి ఎక్స్‌పోర్ట్ చేసి పిల్లలకి పంపేసింది, పాత సిస్టమ్ మీద అయితే ఆ ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాకు ఈ అప్‌గ్రేడ్‌లో అన్నిటికన్నా సంతోషం అనిపించింది ఇదే. బాబుకి వాలరెంట్‌లో ఫ్రేమ్‌లు మానిటర్ చూపించగలిగిన దానికన్నా ఎక్కువే వస్తున్నాయి. నా ఎక్సెల్ షీట్లు, టాలీ సంగతి చెప్పక్కర్లేదు, వాటికి ఇది చాలా ఎక్కువ.

వేడి గురించి నిజం చెప్పాలి. బాక్స్‌లో వచ్చే కూలర్ చిన్నది, 65 వాట్స్‌కి సరిపోయేలా చేసిందే. గేమ్‌లో 70 డిగ్రీల చుట్టూ ఉంటుంది, పెద్ద రెండర్ పెడితే 80 దాటుతుంది, ఫ్యాన్ సౌండ్ కూడా అప్పుడు వినిపిస్తుంది. ఏఎండీ చెప్పిన హద్దు 90 డిగ్రీలు కాబట్టి ప్రమాదం ఏమీ లేదు, కానీ ఈ లెక్క చలికాలంది. మన దగ్గర మే నెలలో బయట 43, 44 ఉన్నప్పుడు పై అంతస్తు గదిలో ఏసీ లేకుండా నడిపితే ఇంకా పైకి పోతుంది. దానికి ఖర్చు లేని మందు ఒకటుంది, బయోస్‌లో పీబీఓ లోపల కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది, అన్ని కోర్లకీ మైనస్ 15, మైనస్ 20 అలా పెడితే వోల్టేజ్ తగ్గి వేడి కూడా తగ్గుతుంది, స్పీడ్ ఏమీ పోదు. అన్ని చిప్‌లూ ఒకేలా ఒప్పుకోవు, రీస్టార్ట్‌లు వస్తుంటే ఆ నంబర్‌ని సున్నా వైపుకి తీసుకురావాలి. రోజూ రెండర్‌లు చేసేవాళ్ళు, సౌండ్ పడనివాళ్ళు ఒక మామూలు టవర్ కూలర్ తీసుకోవడం మంచిది, మేము కూడా ఎండాకాలం లోపు తీసుకుంటాం, క్లాస్ రికార్డింగ్‌లో ఫ్యాన్ సౌండ్ మైక్‌లో పడకూడదని. క్యాబినెట్ ముందు జాలీలో దుమ్ము మాత్రం నెలకోసారైనా దులపండి, ఎంత మంచి కూలర్ పెట్టినా గాలి లోపలికి పోకపోతే లాభం లేదు.

ఎవరికి వద్దు అంటే, ఏమీ లేకుండా మొదటి నుంచి కొత్త సిస్టమ్ కట్టించేవాళ్ళకి నేను ఏఎం4 చెప్పను, దీని తర్వాత ఆ సాకెట్‌లో ఎక్కడానికి పెద్దగా మెట్లు లేవు. వాళ్ళు ర్యామ్ రేట్లు భరించగలిగితే ఏఎం5, లేదంటే డీడీఆర్4 బోర్డ్ మీద ఇంటెల్ ఐ5 12400 లాంటివి చూసుకోవచ్చు. రైజెన్ 5 3600 ఉన్నవాళ్ళకి కూడా తొందరేం లేదు, విండోస్ 11 దాని మీద బ్రహ్మాండంగా నడుస్తుంది, పని ఆగుతుంటే తప్ప డబ్బు పెట్టొద్దు. ఏ320 లాంటి చవక బోర్డ్ ఉన్నవాళ్ళు ముందు సపోర్ట్ లిస్ట్‌లో 5600 పేరు ఉందో లేదో చూసుకోండి, కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు.

పాత 2200జీని అమ్మలేదు. అడిగినవాళ్ళు ఇస్తామన్న రేటు మరీ తక్కువ, పైగా అది ఇంట్లో ఉంటే ఒక ఉపయోగం ఉంది. రేపు గ్రాఫిక్స్ కార్డ్ గానీ 5600 గానీ వారంటీకి పంపాల్సి వస్తే, దీన్ని పెట్టుకుని బోర్డ్‌కే మానిటర్ కేబుల్ తగిలించి పని నడిపించుకోవచ్చు, మా ఆవిడ క్లాసులు ఆగవు. కాకపోతే మీరు కూడా ఇలా దాచుకునే ముందు, కొత్త బయోస్‌లో మీ పాత ప్రాసెసర్ సపోర్ట్ ఇంకా ఉందో లేదో చూసుకోండి, చిన్న బయోస్ చిప్ ఉన్న కొన్ని బోర్డ్‌లలో కొత్తవాటికి చోటు కోసం పాతవాటిని తీసేశారు. మా బోర్డ్‌లో ఉంది, లిస్ట్‌లో చూసుకున్నాకే పిన్నులు వంగకుండా కొత్త ప్రాసెసర్ ప్లాస్టిక్ కవర్‌లోనే పెట్టి దాచా.